పైన పెద్దలు, కింద ఆ ఇద్దరు

హోటల్లో కెప్టెన్ అంటే ఏం చేస్తాడని మా కారేపల్లి వైపు బంధువులు చాలామంది అడిగేవాళ్ళు. భోజనానికి వచ్చినవాళ్ళకు ఎక్కడ కూర్చోవాలో చూపిస్తాడని చెప్పేవాణ్ణి. "కుర్చీలు వాళ్ళకు కనపడవా?" అని అడిగేవాళ్ళు. కనపడతాయి. అయినా చూపించాలి. ఆ పని చేసే నేను ఇల్లు కట్టుకున్నాను, పిల్లల్ని చదివించాను, చివరికి శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చాను.

ఈ లైన్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, గెస్టును ఎట్లా సంతోషపెట్టాలి సార్ అని అడుగుతుంటారు. నాకు తెలియదని చెబితే వినయం అనుకుంటారు. వినయం కాదు. ఒకసారి మా హోటల్లో జరిగిన సంగతి చెబుతాను. అందులో ఎవరు ఎవర్ని సంతోషపెట్టారో మీరే తేల్చుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఖమ్మం నడిబొడ్డున, బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఆ హోటల్ తెరిచారు. దేశమంతా బ్రాంచీలున్న కంపెనీ. అంతకు ముందు నేను పనిచేసినవి భోజన హోటళ్ళు. అక్కడ మనిషి వచ్చేవాడు, తినేవాడు, పోయేవాడు. ఎట్లా ఉందని మేం అడిగేవాళ్ళం కాదు. బాగా లేకపోతే వాళ్ళే చెప్పేవాళ్ళు, వీధి అంతా వినపడేటట్టు. కొత్త హోటల్లో అడగాలి. నవ్వుతూ అడగాలి. దానికి హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి వారంపాటు ట్రైనింగు ఇచ్చింది. గెస్టుకు 'లేదు' అనే మాట చెప్పకూడదంది. గెస్టు సొంత విషయాలు అడగకూడదంది. మొదటిది ఎట్లాగో నేర్చుకున్నాం. రెండో దానితోనే చిక్కు వచ్చింది. మేం అడగకపోయినా మా గెస్టులు మమ్మల్ని అడిగేవాళ్ళు. మీదేవూరు, ఎవలింటోళ్ళు, పిల్లలెంతమంది, జీతమెంత. అన్నీ చెప్పాక, మరి మీదేవూరని తిరిగి అడగకపోతే మాకు పొగరనుకునేవాళ్ళు.

వచ్చేది ఎక్కువగా గ్రానైటు వ్యాపారులు, మిర్చి వ్యాపారులు, బొగ్గు గనుల ఇంజినీర్లు, భద్రాచలం పోతూ ఒక పూట ఆగే యాత్రికులు. గదుల్లో తలుపు పక్కన ఒక గూడు ఉండేది. అందులో కార్డు పెడితేనే కరెంటు. ఒకాయన తల్లిని గదిలో కూర్చోబెట్టి, కార్డు జేబులో వేసుకుని, బజారుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆమె చీకట్లో చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. "పెద్ద హోటలన్నవ్ బిడ్డా, ఈడ సుత మనూరి లెక్కనే కరెంటు పోతుంది" అందట. ఆమె ఆ మాట బాధతో అనలేదనీ, ఊరు గుర్తొచ్చి కాస్త ధైర్యం తెచ్చుకుని అందనీ ఆయనే నాకు చెప్పాడు. పొద్దున పూట టిఫిన్లు వరసగా పెట్టి, ఎవరికి వాళ్ళే వడ్డించుకోవాలని పెట్టారు. ముదిగొండ నుంచి వచ్చిన ఒక రైతు పళ్ళెం పట్టుకుని నన్ను కింది నుంచి పై దాకా చూసి, "మేమే ఏసుకునేటట్లయితే నువ్వెందుకయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆయనకొక కుర్చీ చూపించాను.

మా మేనేజరు విజయవాడ కుర్రాడు. మే నెలలో కూడా టై విప్పేవాడు కాదు. మంచివాడు, కాకపోతే హెడ్డాఫీసు చెప్పిన ప్రతి మాటా నమ్మేవాడు. 'గెస్టు డిలైట్' అని ఒక మాట ఎప్పుడూ అతని నోట్లో ఉండేది. అంటే గెస్టు అడగనిది ఇచ్చి సంతోషపెట్టడం. భార్యాభర్తలు ముచ్చటగా కనబడితే చాలు, వాళ్ళ బల్ల మీదికి ఊరికే ఒక చిన్న కేకు పంపాలనేది అందులో ఒక పథకం. స్టాఫ్ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాలి. వంటింట్లో పెద్ద మాస్టర్‌ది మధిర. ఆయనకు ఈ పథకం అసలు గిట్టేది కాదు. "అడిగింది వండి పెట్టటానికే తీరట్లేదు, అడగంది కూడా ఎక్కడ చేసేదండీ?" అంటూనే కేకు చేసేవాడు. మీద క్రీముతో అక్షరాలు ఆయనే రాసేవాడు. అక్షరాలు వంకరగా వచ్చేవి, కేకు మాత్రం బాగుండేది.

రెండో అంతస్తులో పన్నెండు కుర్చీలతో ఒక గది ఉండేది. బోర్డు రూం అని పేరు. కంపెనీల వాళ్ళు మీటింగులు పెట్టుకోవడానికి కట్టారు. ఖమ్మంలో అట్లాంటి కంపెనీలు ఎన్ని ఉంటాయి? దాన్ని మా ఊరివాళ్ళు వాళ్ళ అవసరాలకు వాడుకున్నారు. పెళ్ళిచూపులు అందులోనే, అన్నదమ్ముల పంపకాలు అందులోనే, పంచాయితీలు అందులోనే. మీ ఇంటికి మేం రాం, మా ఇంటికి మీరు రావద్దు అనుకునేవాళ్ళకు మా బోర్డు రూం మధ్య ఊరు లాంటిది. ఏసీ గదిలో కూర్చుంటే మనుషులు గట్టిగా అరవరని కూడా ఒక నమ్మకం ఉండేది. అది నిజం కాదు.

ఆ రోజు పొద్దున బోర్డు రూం 'ఫ్యామిలీ మీటింగ్' అని బుక్ అయి ఉంది. పన్నెండు మందికని చెప్పారు. వచ్చినవాళ్ళు అంతకు రెండింతల పైనే. రెండు కుటుంబాలు, రెండూ క్రైస్తవ కుటుంబాలే. ఒక వైపు వాళ్ళది ముదిగొండ దగ్గర ఊరు. అబ్బాయి తల్లి వచ్చింది. తండ్రి లేడు. ఆ వైపు మాట్లాడేదంతా అబ్బాయి మేనమామ. ఇంకో వైపు వాళ్ళది భద్రాచలం దాటి అడవి అంచున ఒక చిన్న ఊరు. అమ్మాయి తండ్రి అటవీ శాఖలో చేసి రిటైరయిన మనిషి. నిటారుగా నడిచేవాడు, ఎవరి వంకా చూసేవాడు కాదు. ఇద్దరికీ కావలసిన పాస్టరుగారొకాయన మధ్యవర్తి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసింది, కుర్చీలు చాలవు, ఇంకా తేవాలి, అందరికీ టీలు కావాలి.

రెస్టారెంటు కింద. పదకొండు దాటాక ఒక అమ్మాయి వచ్చి కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర కూర్చుంది. ముప్పైలోపు ఉంటుంది. కాటన్ చీర, చేతికి గడియారం, మనిషి అలసిపోయి ఉంది. మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దంది. బయట లాబీ సోఫాలో ఒక అబ్బాయి పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి నుంచి ఒకటే పేజీ. ఇద్దరూ ఎవరికోసమో ఎదురుచూస్తున్నారనుకున్నాను. ఎవరికోసమని అడగలేదు. సొంత విషయాలు అడగకూడదు కదా.

ఆ రోజే ఒక బ్యాంకు వాళ్ళ ట్రైనింగు కూడా మా దగ్గర జరుగుతోంది. మధ్యాహ్నం కాగానే వాళ్ళంతా ఒక్కసారిగా భోజనానికి దిగారు. బల్లలన్నీ నిండిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆ అబ్బాయి పేపరు మడిచి లోపలికి వచ్చి, భోజనం ఉందా అని అడిగాడు. 'లేదు' అనకూడదు. చూస్తే ఖాళీగా ఉన్నది కిటికీ పక్కన ఆ అమ్మాయి ఎదురు కుర్చీ ఒక్కటే. నేను నవ్వు మొహం పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, ఒక్క సారు ఉన్నారు. బల్లలు నిండినయి. మీకు ఇబ్బంది లేకపోతే ఇక్కడ కూర్చోబెట్టవచ్చా?"

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. అతను ఆమెను చూశాడు.

"కూసోనియ్యండి" అంది. "ఆయన నాకు తెలుసు."

"సార్, మీకు...?"

"నాకు సుత తెలుసు" అన్నాడతను.

పరిచయస్తులే దొరికారని సంతోషించాను. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఇంత రద్దీలో ఇద్దరికీ ఇబ్బంది లేకుండా సర్దానని, చూసేవాళ్ళుంటే బాగుండేదని కూడా అనుకున్నాను.

తర్వాత టీలు పట్టించుకుని పైకి వెళితే, బోర్డు రూంలో ఏసీ ఫుల్లు మీద ఉంది, అరుపులు దానికి రెండింతలున్నాయి. "మా పిల్ల గవర్నమెంటు నౌకరీ ఇడిచి మీ పొయ్యికాడ కూసోవాల్నా?" అని అమ్మాయి తండ్రి. "మరి మా పిలగాడు రైల్వే నౌకరీ ఇడిచి మీ అడివిల చెట్లెక్కాల్నా?" అని అబ్బాయి మేనమామ. ఇద్దరూ నిలబడి ఉన్నారు. పాస్టరుగారు మధ్యలో రెండు చేతులూ చాపి, "ఆగండి, ఆగండి. పిల్లలు కిందనే ఉన్నరు. ఒకలికొకలు ఎదురుపడకుండ ఒకల్ని హోటల్ల, ఒకల్ని బయిట కూసోబెట్టినం. మనం ఒక మాట మీదికొచ్చినంకనే వాళ్ళను పిలుద్దాం. ముందుగాల ఎదురుపడితే మాటామాటా పెరుగుద్ది" అన్నాడు.

నా చేతిలో టీ ట్రే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చక్కెర ఎంత అని కూడా అడగకుండా, మెట్ల మీదుగా కిందికి దిగాను. లిఫ్టు కోసం ఆగలేదు.

నేను వచ్చేసరికి వాళ్ళ బల్ల మీదికి భోజనాలు వచ్చేశాయి. ఇప్పుడేం చెయ్యాలి? లేపి వేరే చోట కూర్చోబెడదామంటే ఖాళీ లేదు. మీరిద్దరూ కలిసి కూర్చోకూడదట అని చెబుదామంటే, అది వాళ్ళ సొంత విషయం. పక్కనే గోడ దగ్గర నీళ్ళ జగ్గులు పెట్టే బల్ల ఉంది. అక్కడ నిలబడి, మడిచి ఉన్న నేప్‌కిన్లు విప్పి మళ్ళీ మడవడం మొదలుపెట్టాను. గొడవ మొదలైతే ఆపడానికి దగ్గరగా ఉండాలని నా ఉద్దేశం. వినాలని లేదు. అయినా చెవులు మూసుకునే ట్రైనింగు మాకు ఇవ్వలేదు.

మొదట ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. తర్వాత అతను, "అమ్మకు షుగరు పెరిగింది" అన్నాడు.

"గోళీలు మార్చిండ్రా?"

"అవ్. చిన్నయి రెండు పూటల ఏసుకొమ్మన్నరు."

"తిన్నంక కాదు, తినకముందు ఏసుకోవాలె. ఆమె మర్చిపోతది. నువ్వే ఎదురుంగ నిలబడి ఏపియ్యి."

ఆమె భద్రాచలంలో ప్రభుత్వ దవాఖానాలో నర్సు. అతను మధిర స్టేషన్‌లో టికెట్లిచ్చే క్లర్కు. పెళ్ళయి మూడేళ్ళు. చివరి ఏడాది ఆమె క్వార్టర్‌లో ఆమె, అతని గదిలో అతను. ఇదంతా వాళ్ళ మాటల్లోనే నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. అతను దవాఖానా ఎట్లా నడుస్తోందని అడిగాడు. వానాకాలం వాగులు పొంగినప్పుడు లోపలి ఊళ్ళ నుంచి కాన్పుకు వచ్చేవాళ్ళను మంచంతో సహా మోసుకొస్తారని ఆమె చెప్పింది. ఒకసారి అట్లా మోసుకొచ్చిన మంచం మీద ఉన్నది గర్భిణి కాదట, ఆమె మొగుడట. దారిలో కాలు బెణికితే భార్యే దిగి అతన్ని ఎక్కించిందట. తాను నడిచి వచ్చి కాన్పయిందట. అతను నవ్వాడు. నీళ్ళు తాగబోయి, పొలమారి, మళ్ళీ నవ్వాడు. తర్వాత అతను కౌంటర్ దగ్గరి సంగతొకటి చెప్పాడు. ఒక ముసలాయన రోజూ వచ్చి బెజవాడ రైలు ఎన్నింటికని అడిగి, చెప్పించుకుని, టికెట్టు కొనకుండా ఇంటికి పోతాడట. ఎందుకని అడిగితే, ఎప్పటికన్నా పోవాల్సి వస్తే తెలిసి ఉండాలె గద అన్నాడట. ఈసారి ఆమె నవ్వింది.

"నువ్వు గిట్ల మాట్లాడతవని నాకు తెల్వదు" అంది.

"ఎప్పుడు మాట్లాడనిచ్చిండ్రు? ఇంటికొస్తే నీ ఎంబడి మీ నాయిన, నా ఎంబడి మా మామ."

మా మేనేజరు ఆ నవ్వులు చూశాడు. గబగబా నా దగ్గరికి వచ్చాడు.

"వాళ్ళిద్దరూ భార్యాభర్తలేనాండీ?"

"అవునండీ, కానీ..."

అతను ఆగలేదు. వంటింటి వైపు వెళ్ళిపోయాడు. నేను వెంట పోదామనుకున్నాను. కానీ ఆ బల్ల దగ్గర మాట మారింది, ఆగిపోయాను.

"నీకు నా మీద కోపమా?" ఆమె అడుగుతోంది.

"మొదట్ల ఉండె. అది నా కోపం గాదు, మా మామ ఎక్కించింది. ఇప్పుడు లేదు. నీకు?"

"మీ మామ మీదుంది. నీ మీద లేదు."

"మరి కలిసుందమా?"

ఆమె కిటికీలోంచి కాసేపు రోడ్డు చూసింది. తర్వాత అతని వైపు తిరిగి, "నీకు ఉండాలనుందా? నిజం చెప్పు. ఈడ మనోళ్ళెవలూ లేరు" అంది.

అతను పళ్ళెంలో మెతుకులు ఒక పక్కకు చేర్చాడు.

"లేదు" అన్నాడు మెల్లగా.

"నాకు సుత లేదు."

ఇద్దరూ ఒక్కసారే కుర్చీల్లో వెనక్కి వాలారు. బరువైన మూటలు మోసుకొచ్చి దింపినవాళ్ళు అట్లా వాలతారు. ఇంతకు ముందు అన్నన్ని మాటలు మాట్లాడుకుంటుంటే, ఇక కలిసిపోతారని నాకు గట్టి నమ్మకం కలిగింది. నేప్‌కిన్లు కూడా వేగంగా మడుస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఎటు మడవాలో తెలియలేదు.

"నువ్వు చెడ్డోడివి గాదు. రైల్ల పక్క సీట్ల మంచి మనిషి కూసున్నట్టుంటది. దిగేటప్పుడు మంచిగనే పోయొస్త అంటం. అంతే" అంది ఆమె.

"అవ్" అన్నాడతను. "నాకు గట్లనే ఉంది. చెప్పరాలే."

అప్పుడు చప్పట్లు వినపడ్డాయి. వంటింటి తలుపు తెరుచుకుంది. ముందు మేనేజరు, చేతిలో కేకు. వెనక మాస్టర్, ఆయన వెనక సప్లయర్లు, అందరూ తాళం ప్రకారం చప్పట్లు కొడుతున్నారు. కేకు తెచ్చి వాళ్ళ మధ్య పెట్టారు. మీద ఎర్ర క్రీముతో, వంకర అక్షరాలతో 'హ్యాపీ కపుల్' అని రాసి ఉంది. సంగతేమిటో తెలియకపోయినా బ్యాంకు వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఇద్దరూ ఆ కేకును చూస్తున్నారు. ఆమె పెదవులు బిగపట్టింది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. నవ్వు ఆపుకుంటోంది.

"కోద్దామా?" అంది.

"మన పెండ్లిల కోసినం గద."

"అప్పుడు మనం ఎక్కడ కోసినం? మీ మామ నీ చెయ్యి పట్టుకున్నడు, మా పెదనాయిన నా చెయ్యి పట్టుకున్నడు. వాళ్ళిద్దరు కోసిండ్రు."

అతను కత్తి ఆమెకు ఇచ్చాడు. ఆమె సగం దాకా కోసి కత్తి అతనికి ఇచ్చింది. మిగతా సగం అతను కోశాడు. మాస్టర్ నా పక్కన నిలబడి, "చూశారా, ఎంత బావున్నారో జంట! ఈ ఒక్క కేకు మాత్రం దండగ కాలేదండీ" అన్నాడు. మొదటిసారి ఆ పథకం ఆయనకు నచ్చింది.

"పైకి తీస్కపోదాం" అంది ఆమె. "వాళ్ళు పొద్దుగాలటి నుంచి ఏం తిన్నట్టు లేదు. మనమే చెప్దాం."

ముక్కలు పళ్ళెంలో సర్ది ఆమె పట్టుకుంది. చిన్న ప్లేట్లూ చెంచాలూ తీసుకుని వెనకాల నేను నడిచాను. మెట్లెక్కేటప్పుడు అతనేదో అన్నాడు. ఆమె నవ్వుతూ ఎక్కింది.

తలుపు తీసేసరికి లోపల వాతావరణం మారిపోయి ఉంది. ఎవరూ అరవడం లేదు. తర్వాత తెలిసిందేమంటే, అంతకు కాస్త ముందే పెద్దలు ఒప్పందానికి వచ్చారు. ఆమె మధిర దగ్గరికి బదిలీ పెట్టుకోవాలి, అది వచ్చేదాకా అతను సెలవు రోజుల్లో భద్రాచలం పోవాలి, రెండు వైపుల వాళ్ళూ నోరు మూసుకోవాలి. కష్టపడి కుదిర్చిన ఒప్పందం. సరిగ్గా ఆ సమయంలో, విడివిడిగా కూర్చోబెట్టిన ఇద్దరూ కలిసి, నవ్వు మొహాలతో, కేకు పట్టుకుని వచ్చారు.

మేనమామ లేచి నిలబడ్డాడు. "సూసిండ్రా! మనం ఈడ గొంతులు పోంగ కొట్లాడుతుంటే, వాళ్ళు కింద కేకే కోసుకున్నరు!"

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు మరో మాట లేకుండా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ లేచారు, తలలు వంచారు. ప్రార్థన బాగా సాగింది. విరిగిన ఇంటిని నిలబెట్టినందుకు ఆయన దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. కఠినమైన మనసులను కరిగించినందుకు చెప్పాడు. హోటల్ యాజమాన్యం కోసం కూడా ఒక మాట ప్రార్థించాడు. వాళ్ళిద్దరూ పళ్ళెం పట్టుకుని తలలు వంచి నిలబడ్డారు. వెనక ప్లేట్లతో నేనూ నిలబడ్డాను. మాది హిందువుల ఇల్లు, అయినా నేను కూడా ఆ సమయంలో మనస్ఫూర్తిగా ప్రార్థించాను. ఏమని ప్రార్థించానో చెప్పలేను.

ఆమెన్ అయ్యాక ముక్కలు తుంచి తుంచి అందరి చేతుల్లో పెట్టారు. అమ్మాయి తండ్రి కేకు నోట్లో పెట్టుకున్నాడు.

"అయ్యగారూ, ప్రార్థన మంచిగ చేసిండ్రు" అంది ఆ అమ్మాయి. "గని మేం ఇడిపోదామనుకున్నం."

ఏసీ చప్పుడు ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది. పెద్దాయన నోట్లో కేకు నోట్లోనే ఉండిపోయింది. నమలాలో ఉమ్మాలో తెలియక అట్లాగే కూర్చున్నాడు. తర్వాత గది మొత్తం ఒక్కసారి లేచింది. మీ పిల్లే అని వీళ్ళు, మీ పిలగాడే అని వాళ్ళు. ఆ గోలలో అబ్బాయి తల్లి మాత్రం లేవలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఆమె ఏం తప్పు చేసిందిరా?"

"ఏం చెయ్యలేదమ్మా."

"నువ్వేం చేసినవ్?"

"నేను సుత ఏం చెయ్యలే."

"మరి ఎవల తప్పూ లేకుండ ఎట్ల ఇడిపోతర్రా?"

"తప్పు చేసేదాంక ఆగమంటవా అమ్మా?" అన్నాడతను.

ఆమె చెయ్యి వదల్లేదు. కోడలి వంక చూసింది. ఆ పిల్ల వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, షుగరు గోళీల సంగతి నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. చుట్టూ అంత గొడవ జరుగుతుంటే ఆ ఇద్దరాడవాళ్ళూ గోళీల గురించి మాట్లాడుకున్నారు.

అమ్మాయి తండ్రి చివరికి కేకు మింగాడు. "నువ్వు కోర్టుకు పో, యాడికన్న పో. నేను మాత్రం నీ ఎంబడి రాను" అని, తలుపు తీసుకుని బయటికి పోయాడు.

నేను బయటికి వస్తే మేనేజరు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ గది తర్వాత గ్రానైటు వ్యాపారులకు బుక్ అయి ఉందట, వాళ్ళు వచ్చి కారిడార్‌లో నిలబడ్డారట. "ఏదో ఒకటి చెయ్యండి" అన్నాడు నాతో. నేను లోపలికి వెళ్ళి, నవ్వు మొహంతో, ఇంకేమైనా కావాలా అని అడిగాను. మా ఊళ్ళో ఆ ప్రశ్నకు అర్థం అందరికీ తెలుసు. ఒక్కొక్కరే లేచారు. పాస్టరుగారు బైబిలు సంచిలో పెట్టుకుంటూ, "ఇది నా చేతుల లేదు" అని ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పాడు.

సాయంత్రం మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు.

"ఏంటండీ, మనం కేకిచ్చాక విడిపోయారా?"

"ఇవ్వకముందే విడిపోయారండీ."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు ఆగలేదు."

కాసేపు టై సవరించుకున్నాడు. "కేకులు ఎవరెవరికి ఇచ్చామో హెడ్డాఫీసుకు చెప్పాలి. దీని గురించి ఏమని చెప్పను?"

"గెస్టులు మొత్తం తిన్నారని చెప్పండి" అన్నాను. అదే చెప్పాడనుకుంటాను. ఆ నెల మా బ్రాంచిని మెచ్చుకున్నారు.

అంతకు ముందు జరిగిన ఒక సంగతి మిగిలిపోయింది. అందరూ వెళ్ళాక కూడా అమ్మాయి తండ్రి లాబీలో సోఫా మీద కూర్చునే ఉన్నాడు. భద్రాచలం బస్సులు పోతూనే ఉన్నాయి, ఆయన లేవలేదు. నేను నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను.

"నువ్వేనా తమ్ముడా, వాళ్ళిద్దర్ని ఒక్కకాడ కూసోబెట్టింది?"

"నేనేనండీ. వేరే బల్ల లేక."

తిడతాడని సిద్ధంగా నిలబడ్డాను. ఆయన నీళ్ళు మొత్తం తాగి గ్లాసు నా చేతికి ఇచ్చాడు.

"మెట్ల మీద నవ్వుకుంట వచ్చిందంట గద, మా పిల్ల?"

"అవునండీ. నేను వెనకనే ఉన్నాను."

"ఏడాది నుంచి ఫోన్ చేస్తే అవ్, కాదు, సరే. గంతే. నవ్వు ఇనలే." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కలిసుంటే నవ్వాలె గని, ఇడిపోతుంటే నవ్వుడేంది? నాకర్థమైతలేదు. నీకైందా?"

నాకూ కాలేదని చెప్పాను. అది నిజం. ఆయన లేచి, నిటారుగా, బస్టాండు వైపు నడిచిపోయాడు.

వాళ్ళిద్దరూ ఖమ్మంలో కోర్టుకు వెళ్ళారు. క్రైస్తవుల పెళ్ళి కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నా సరే, విడిగా ఇన్నాళ్ళు ఉండాలి అని ఏదో లెక్క ఉందట. వాయిదాలు పడ్డాయి. వాయిదా ఉన్న ప్రతిసారీ ఆమె భద్రాచలం నుంచి బస్సులో వచ్చేది, అతను మధిర నుంచి రైల్లో వచ్చేవాడు. కోర్టు పని కాగానే మా దగ్గరికి వచ్చి భోజనం చేసేవాళ్ళు. ఒకే బల్ల. నేను చూపించాల్సిన పని లేదు. అతను ఆమెకు స్టేషన్ సంగతులు చెప్పేవాడు, ఆమె అతనికి దవాఖానా సంగతులు చెప్పేది. తర్వాత ఆమె బస్సుకు, అతను రైలుకు. మాస్టర్‌కు మాత్రం మనసు ఒప్పేది కాదు. "ఇంత బాగా ఉన్నవాళ్ళు ఎందుకు విడిపోవటం?" అనేవాడు. మేనేజరు కేకు ఊసెత్తలేదు. కానీ ప్రతిసారీ దూరం నుంచి చూసి వెళ్ళేవాడు.

నేనేం చేశానని నన్ను కొందరు అడిగారు. నేను కలపలేదు, విడదీయలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ చూపించాను. పిల్లలూ, మన పని అంతే. అందులో కూర్చున్నాక ఏం జరుగుతుందో మనకు తెలియదు. తెలుసని ఎవరైనా ట్రైనింగు ఇస్తే వినండి, వాళ్ళ జీతం వాళ్ళది. నమ్మకండి.

చివరి వాయిదా రోజు తీర్పు అయిపోయింది. మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. వాళ్ళిద్దరి వెనక అమ్మాయి తండ్రి. మామూలుగా వాళ్ళు కూర్చునేది ఇద్దరి బల్ల. నేను పెద్ద బల్ల వైపు చెయ్యి చూపించేలోపే ఆయన తానే ఒక కుర్చీ లాక్కొచ్చి, ఇద్దరికీ నడుమ వేసుకుని కూర్చున్నాడు. దారిలో అడ్డం ఉంది. సప్లయర్లను చుట్టూ తిరిగి పొమ్మన్నాను.

ముగ్గురూ ఎక్కువ మాట్లాడకుండా తిన్నారు. పెద్దాయన వానలు సరిగ్గా లేవన్నాడు. వెదురు కొట్టేవాళ్ళు ఎక్కువయ్యారన్నాడు. అబ్బాయి తల వంచుకుని విన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తనతో నేరుగా మాట్లాడింది అదే మొదటిసారని ఆ అబ్బాయే తర్వాత నాకు చెప్పాడు. అంతకు ముందు ఏం అడగాలన్నా పక్కవాళ్ళతో అడిగించేవాడట.

తినడం అయ్యాక పెద్దాయన లేచి కండువా దులిపాడు.

"మా దిక్కొస్తే ఇంటికి రా" అన్నాడు. "మా ఇంటిది గోదారి చాపలు మంచిగొండుతది. నీకు తెలుసు గద."

"వస్తా..." అని ఆగిపోయాడు అబ్బాయి.

"ఏంది, ఆగినవ్?"

"ఏం లేదు. ఇంక మిమ్ముల ఏమని పిలవాల్నో..."

అమ్మాయి పళ్ళెం వంక చూస్తోంది. పెద్దాయన కాసేపు ఆలోచించాడు. ఆయన అటవీ శాఖలో ఎన్ని చెట్ల పేర్లు నేర్చుకున్నాడో తెలియదు గానీ, ఈ పేరు మాత్రం ఆయనకు వెంటనే దొరకలేదు.

"మామా అనే అను" అన్నాడు చివరికి. "అలవాటైన పిలుపు. మల్ల కొత్తది యాడికెల్లి తెస్తవ్?"

"అట్లనే మామా."

అమ్మాయి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. చాలాసేపటి దాకా తిరిగి రాలేదు. పెద్దాయనా, ఆ అబ్బాయీ బల్ల దగ్గరే పక్కపక్కన నిలబడి ఆమె కోసం ఎదురుచూశారు. కూర్చోండని నేను చెప్పలేదు.